తూము మూల మలుపు

నిన్న పటాన్‌చెరులో బస్సు కోసం నిలబడి ఉంటే, ఫ్యాక్టరీ సరుకుతో రోడ్డు పక్కన ఆగిన లారీ మీద టార్పాలిన్ తాడు ఒకటి ఊడింది. ఆ మూల గాలికి లేచి టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. గుడ్డ గాలిని పట్టలేక వదిలేసేటప్పుడు వచ్చే చప్పుడు అది. ఇన్నేళ్ల తర్వాత కూడా నా చేతులు వాటంతట అవే ముందుకు చాపుకున్నాయి, తాడు అందుకోవడానికన్నట్టు. పక్కన కూరగాయల గంపతో ఉన్న ఆడమనిషి "పెద్దాయనా, జెర నీడకు కూసో, మొఖం తెల్లగైంది" అంది. ఏం లేదమ్మా అన్నాను. బస్సు వచ్చింది, ఎక్కాను. సంగారెడ్డి చేరేదాకా మునీరుద్దీన్ సాబ్ నా పక్క సీట్లో కూర్చున్నట్టే ఉంది. ఈ దారిన రోజూ తిరిగే వేల మందిలో, ఒకప్పుడు ఇక్కడొక చెరువులో తెరచాప పడవల పందేలు జరిగేవని తెలిసినవాళ్లు ఎంతమంది మిగిలారో నాకు తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను చెరువుల పనుల ఓవర్సీరుగా సంగారెడ్డికి వచ్చేనాటికి నాకు పెళ్లి కాలేదు. హైదరాబాదు రాష్ట్రం ఇంకా ఉంది, ఇంకెన్నాళ్లో ఉండదని అందరూ అనుకుంటున్నారు. మునీర్ సాబ్ నా పై ఇంజనీరు. పొడుగ్గా, బక్కగా, కచ్చేరీలో షేర్వాణీ గుండీలు మెడదాకా పెట్టుకుని కూర్చునే మనిషి. చెరువు కట్ట మీదికి వచ్చాడంటే మాత్రం ఖాకీ నిక్కరు, కాన్వాసు బూట్లు. వయసులో ఉన్నప్పుడు బొంబాయి రేవులో కొన్నేళ్లు పనిచేసి, అక్కడి దొరల దగ్గర తెరచాప పడవ నడపడం నేర్చుకున్నాడు. నలభై ఎనిమిదిలో పోలీసు చర్య తర్వాత ఆయన అన్న కుటుంబం కరాచీకి వెళ్లిపోయింది. అన్న కొడుకు అన్వర్ ఒక్కడే చిన్నాయనను వదిలి పోనని ఇక్కడే ఉండిపోయాడు. మీరెందుకు పోలేదని నేను ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "నేను పోతే గీ చెరువులెవరు చూస్తరు మియా?" అని నవ్వాడు. నవ్వాడు కానీ, ఆ రోజుల్లో ఆయన వంటివాళ్లు రోజూ ఎవరికో ఒకరికి ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకుంటూనే ఉండేవాళ్లని తర్వాత అర్థమైంది.

సంగారెడ్డికీ పటాన్‌చెరుకూ మధ్య రోడ్డుకు లోపలగా మా కిందకు వచ్చే పెద్ద చెరువు ఒకటి ఉండేది. తూర్పున కట్ట, పడమట రెండు గుట్టలు. వానాకాలంలో గాలి ఆ గుట్టల దిక్కు నుంచే వచ్చేది. సాబ్ ఏదో ఇంగ్లీషు పత్రికలో జంట పడవ బొమ్మ చూశాడు. రెండు సన్నటి పడవలను పక్కపక్కన ఉంచి, మధ్యలో దూలాలు వేసి బిగించి, వాటి మీద చిన్న బల్ల, ఒక స్తంభం, ఒక తెరచాప. వడ్రంగిని కూర్చోబెట్టుకుని, సెలవు రోజులన్నీ పోగొట్టుకుని, అలాంటివి నాలుగు చేయించాడు. తెరచాపలకు పాత గుడారాల గుడ్డ. నీలం రంగు తనే వేశాడు. ఊళ్లో వాటిని జోడు పడవలు అనేవాళ్లు. మామూలు పడవ బరువుగా నీళ్లను తోసుకుంటూ పోతుంది. ఇది అట్లా కాదు. పక్క నుంచి గాలి తగిలితే ఒక పడవ నీళ్లలోంచి పైకి లేచి, రెండోదాని మీదనే దూసుకుపోతుంది. కానీ గాలికి ఎదురుగా పోవాలంటే మెలికలు తిరుగుతూ పోవాలి, ఆ తిరగడం దానికి చేతకాదు. మధ్యలో ఆగిపోయి వెనక్కి జారుతుంది. మొదటి రోజు నేను ఎక్కినప్పుడు అలా జారి రెల్లు గడ్డిలో ఇరుక్కుంటే, కట్ట మీద సాబ్ నడుం పట్టుకుని నవ్వడం ఇంకా కనిపిస్తూనే ఉంది.

పందేలు పెట్టాలన్న ఆలోచన వచ్చాక, ఒక పొద్దున ఆయన నన్ను కట్ట మీద నిలబెట్టి చెరువు మీదికి వేలు చూపించాడు. రోడ్డు పనుల్లో మిగిలిన డాంబరు పీపాలకు మూతలు బిగించి, రాళ్లు కట్టి నీళ్లలో దించితే అవే మలుపు గుర్తులు.

"సూడు విఠల్. ఇక్కడ్నుంచి గుట్ట దిక్కు, గాలికి సీదా ఎదురు. అక్కడొక పీపా. పోవాలె, తిరగాలె, వెనక్కి రావాలె, మళ్లీ పోవాలె. గిదొక రస్తా. ఇంగొకటి తికోన్. మూడు మూలల మూడు పీపాలు."

"ఏది మంచిది సాబ్?"

"ఎవలకు మంచిది? గది అడుగు ముందు."

మూడు మూలల దారిలో పక్కగాలి దొరుకుతుంది. పడవలు ఎగిరిపోతాయి, చూడ్డానికి కన్నులపండువ. కానీ మొదటి పీపా దగ్గర ముందున్నవాడే చివరిదాకా ముందుంటాడు. వెనకవాడికి చేయడానికి ఏమీ ఉండదు. పోయి వచ్చే దారిలో వేగం తక్కువ, కట్ట మీదవాళ్లకు పడవలు దిక్కూతెన్నూ లేకుండా తిరుగుతున్నట్టే ఉంటుంది. నడిపేవాడు మాత్రం ప్రతి మెలికకూ ఆలోచించాలి, వెనకబడ్డవాడు అందుకోవచ్చు. ఇదంతా విడమరచి చెప్పి, చివర్న ఆయన గొంతు తగ్గించాడు. కట్ట దక్షిణపు కొస, తూము ఉన్న మూల చూపించాడు. రెండు గుట్టల సందులోంచి దిగిన గాలి అక్కడికొచ్చి గిరికీలు కొడుతుంది, ఏ దిక్కు నుంచి తగులుతుందో చెప్పలేం, లోతు కూడా తక్కువ. వెనక గాలితో జోరుగా వచ్చే జోడు పడవను అక్కడ తిప్పితే ముక్కు నీళ్లలో గుచ్చుకుంటుందన్నాడు.

"పందెం పడవలు కదిలినంక షురూ కాదు మియా. పీపాలు ఎక్కడ దించుతమో అక్కడ షురూ అయితది. సగం అక్కడనే తేలిపోతది. గందుకే పీపా దించెటోడు జనం దిక్కు చూడొద్దు. గాలి దిక్కు చూడాలె."

అప్పుడు నాకది పడవల సంగతే అనిపించింది.

పడవలు నడపడానికి సాబ్ ఎంచుకున్నవాళ్లలో సాయిలు ఒకడు. చెరువు కింది ఊరివాడు, నా ఈడువాడు. తండ్రి పోయాక తూము తలుపులు ఎత్తి దించి పొలాలకు నీళ్లు వదిలే నీరటి పని అతని చేతికి వచ్చింది. తల్లి నర్సమ్మ, అతను, అంతే ఇల్లు. సాబ్ అతనికి జోడీగా అన్వర్‌ను పెట్టాడు. మొదటి నెల వాళ్లిద్దరూ పడవలో కొట్టుకున్నంత పని చేశారు. అన్వర్ ఉర్దూలో తిడితే సాయిలు తెలుగులో తిట్టేవాడు, ఇద్దరూ కలిసి బోల్తాపడేవాళ్లు. తర్వాత తర్వాత ఒకరికొకరు చెప్పుకోకుండానే తాళ్లు మారేవి. రంజాన్‌కు సాయిలు సాబ్ ఇంట్లో తినేవాడు, బోనాలప్పుడు అన్వర్ నర్సమ్మ గుమ్మంలో కూర్చునేవాడు. ఏడెనిమిదేళ్ల కిందట, రజాకార్ల రోజుల్లోనూ పోలీసు చర్యలోనూ ఆ ఊరు చూసినవి చూసింది. అక్కడ ఆ ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని చెరువు దాటడం సాబ్‌కు ఏ బహుమతి కన్నా ఎక్కువ. ఒడ్డున నిలబడి ఆ పడవనే చూసేవాడు. సాయిలుకు ఒక అలవాటుండేది. బయల్దేరే ముందు తల తిప్పి సాబ్ మొహం చూసేవాడు. ఆయన తల ఊపితే కదిలేవాడు. "సాబ్ సై అంటే నాకు సై" అనేవాడు నవ్వుతూ. మేం వెక్కిరించినా మానలేదు.

మొదటి ఏడు పోయి వచ్చే దారినే పెట్టారు. పందెం బాగా జరిగింది, జనానికి నచ్చలేదు. రెండో ఏడుకు రాష్ట్రం మారింది. పట్నం నుంచి ఒక పెద్ద అధికారి కుటుంబంతో సహా చూడ్డానికి వస్తున్నాడని కబురొచ్చింది. ఆయన పేరు నేను రాయను, రాసి ఇప్పుడు సాధించేదీ లేదు. ఆయన కోసం షామియానా వేశారు. రోడ్డు దగ్గర, నీడ ఉందని తూము మూలనే వేశారు. వచ్చి కూర్చుని, నీళ్ల మీద పీపాలు ఎక్కడున్నాయో చూసి, సాబ్‌ను పిలిపించాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఏమండీ ఇంజనీరుగారూ, పడవలు అంత దూరాన తిరుగుతుంటే మేం ఇక్కడ కూర్చుని ఏం చూస్తామండీ? ఆ మలుపేదో మా ముందుకు తెప్పించండి."

"హుజూర్, ఈ మూలల గాలి మంచిది కాదు."

"గాలి ఎక్కడైనా గాలేగదండీ" అన్నాడాయన. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సాబ్ నవ్వలేదు. మళ్లీ చెప్పబోయాడు. ఆ అధికారి కోపం తెచ్చుకోలేదు. చాలా మర్యాదగా, "మీకు ఇబ్బందిగా ఉంటే చెప్పండి. వచ్చే ఏటికి ఈ చెరువు, ఈ పనీ ఇంకొకరికి అప్పజెప్పుదాం. మీ వాళ్లంతా అటే వెళ్లిపోయారట కదా" అన్నాడు.

సాబ్ మొహంలో ఏదో ఆరిపోవడం నేను చూశాను. ఆ పొద్దున గాలి పల్చగా ఉంది. చెరువు దాదాపు కదలకుండా ఉంది. ఆయన చాలాసేపు గుట్టల దిక్కు చూశాడు, గాలి అలాగే ఉండాలని అడుగుతున్నట్టు. తర్వాత తనే దోనె ఎక్కి వెళ్లి పీపాను తూము మూలకు జరిపించాడు. తిరిగొచ్చి జెండాల పెట్టె తెరిచాడు. పోయి వచ్చే దారికి నీలం జెండా, మూడు మూలల దారికి పసుపు జెండా. ఎత్తడం నా పని. నేను చేయి చాపితే ఇవ్వలేదు.

"ఇయ్యాల నేను పట్టుకుంట. నువ్వు గడియారం చూడు."

ఉత్సాహం కొద్దీ అన్నాడనుకున్నాను.

పసుపు జెండా పైకి లేవగానే నాలుగు పడవల్లోనూ తలలు తూము మూల వైపు తిరిగాయి. అక్కడి గాలి సంగతి అందరికీ తెలుసు. సాయిలు ఎప్పట్లాగే సాబ్ వైపు చూశాడు. ఈసారి చూపు కొంచెం ఎక్కువసేపు నిలిచింది. సాబ్ తల ఊపాడు. సాయిలు పళ్లన్నీ కనిపించేలా నవ్వి చెయ్యెత్తాడు.

మొదటి చుట్టు ఏ ఆటంకం లేకుండా అయిపోయింది. పడవలు షామియానా ముందు తిరుగుతుంటే పిల్లలు కేరింతలు కొట్టారు. రెండో చుట్టులో గుట్టల దగ్గర నీళ్లు నల్లబడ్డాయి. గాలి దిగింది. అందరికన్నా ముందు సాయిలు, అన్వర్‌ల పడవ. జంటలో ఒకటి నీళ్ల పైకి పూర్తిగా లేచిపోయి, మా మీదికే వస్తున్నట్టు వచ్చింది. అంత అందమైన దృశ్యం నేను మళ్లీ చూడలేదు, చూడాలనీ లేదు. అధికారి లేచి నిలబడ్డాడు. పీపా దగ్గర తిప్పారు. గాలి పక్కకు మారి తెరచాపను అవతలికి విసిరింది. ముందు ముక్కు నీళ్లలో దిగబడింది, వెనక భాగం లేచింది, పడవ మొత్తం మనిషి బోర్లా పడ్డట్టు తిరగబడింది. స్తంభం కొస బురదలో గుచ్చుకుని, అది మళ్లీ లేవకుండా పట్టేసింది. అన్వర్ దూరంగా ఎగిరిపడ్డాడు. సాయిలు బల్ల కింద ఉండిపోయాడు, తాళ్లలో. సాబ్ జెండాతోనే నీళ్లలోకి పరుగెత్తాడు. కట్ట మీద ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు. అది కూడా ఆటలో భాగమే అనుకున్నారు పాపం.

తాళ్లు కోసి బయటికి తెచ్చేసరికి సాయిలు లేడు.

నర్సమ్మ కలుపు తీస్తున్న మడిలోంచి అలాగే వచ్చింది. మోచేతుల దాకా బురద. కొడుకు దగ్గర కూర్చుని మొహం తుడిచింది, ఆమె చేతి బురద అతని చెంపకు అంటింది. ఏడవలేదు. కాసేపటికి తలెత్తి, కంబళి కప్పుకుని వణుకుతున్న అన్వర్‌ను చూసింది. తర్వాత సాబ్‌ను చూసింది.

"గీ పిలగాడు నీ అన్న కొడుకే గద సాబ్?"

"అవునమ్మా."

"బతికిండు గద."

అంతే అంది. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. సాబ్ ఆమె ముందు నేల మీద కూలబడ్డాడు. ఇంజనీరు సాబ్ అలా మట్టిలో కూర్చోవడం చూడలేక కొందరు మొహం తిప్పుకున్నారు. ఇంకొందరు, ఆయన వాడు బతికాడు, మనవాడు పోయాడు అని గొణిగారు. ఆ మాట ఊళ్లోకి, ఊళ్లోంచి సంగారెడ్డికి ఆయన కన్నా ముందే చేరింది. అన్వర్ ఆ తర్వాత నర్సమ్మ గుమ్మం ఎక్కలేకపోయాడు. కొన్నాళ్లు గదిలోంచి బయటికే రాలేదు. చివరికి బొంబాయి బండెక్కాడు. చిన్నాయన స్టేషనుకు వెళ్లి సాగనంపాడు. పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు.

విచారణ సంగారెడ్డిలో ఒక గదిలో జరిగింది. పందెం దారి ఎవరు నిర్ణయించారని అడిగారు.

"నేనే" అన్నాడు సాబ్.

"ఎవరైనా ఒత్తిడి చేశారా?"

"లేదు."

నేను లేచాను. "కూసో విఠల్" అన్నాడాయన వెనక్కి చూడకుండానే. నేను కూర్చోలేదు. షామియానా కింద విన్నది విన్నట్టు చెప్పాను. రాసుకునే గుమస్తా కలం పక్కన పెట్టి, మర్యాదగా చివరిదాకా విన్నాడు. నేను ఆపాక మళ్లీ కలం తీసుకున్నాడు. బయట వరండాలో సాబ్‌ను నిలదీశాను.

"అబద్ధం ఎందుకు చెప్పిన్రు సాబ్?"

"అబద్ధం ఏంది మియా? ఆయన అడిగిండు. అడుగుడు ఎవరైన అడుగుతరు. పీపా జరిపింది నేను, జెండా ఎత్తింది నేను. గాలి సంగతి ఆయనకేం తెలుసు? నాకు తెలుసు."

అప్పుడుగానీ నాకు తట్టలేదు, ఆ రోజు జెండా నా చేతికి ఎందుకు ఇవ్వలేదో. ఆయనకు భయం వేసింది. ఆ భయంలో కూడా నన్ను పక్కకు జరిపాడు.

జోడు పడవలను ఆయనే కోయించాడు. చేసిన వడ్రంగే వచ్చి, దూలాలు కోసి జంటలు విడగొట్టాడు. చేపలు పట్టుకోవడానికి తీసుకోండని ఊరివాళ్లను అడిగితే ఎవరూ తీసుకోలేదు. కొన్నాళ్లు కట్ట కింద పడి ఉన్నాయి. తర్వాత ఎవరెవరో లాక్కుపోయి పశువులకు కుడితి తొట్లు చేసుకున్నారు. ఒకసారి పనిమీద ఆ ఊళ్లోకి వెళ్తే, నీలం రంగు పెచ్చులూడిన పడవలో మూతి పెట్టి బర్రె కుడితి తాగుతోంది. నేను అక్కడ ఆగలేకపోయాను.

సాబ్ గడువుకు ముందే ఉద్యోగం వదిలేసి, పటాన్‌చెరులో చిన్న ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. ఎవరినీ కలిసేవాడు కాదు. నేను వెళ్తే ఆయన భార్య బేగం సాహెబా తలుపు తీసి, "నువ్వొస్తేనే నాలుగు మాటలు మాట్లాడుతరు బేటా" అనేది. ఆ మాటలు కూడా ఊరికే, వానల గురించి కాదు, చెరువుల గురించి కాదు, బియ్యం గురించీ కీళ్ల నొప్పుల గురించీ. గదికి పడమటి కిటికీ ఉండేది. దానికి మేకులు కొట్టించాడు. ఎండాకాలం ఆ గది కొలిమిలా ఉండేది, ఆయన అందులోనే కూర్చునేవాడు. నర్సమ్మ దగ్గరికి మాత్రం వెళ్లేవాడని తర్వాత తెలిసింది. ఆమె లోపలికి రమ్మనేది కాదు, పొమ్మనేదీ కాదు. ఆయన అరుగు మీద కాసేపు కూర్చుని లేచి వచ్చేవాడట.

చివరిసారి వెళ్లినప్పుడు, ఆయనకు ఊరటగా ఉంటుందని చాలాకాలంగా మనసులో దాచుకున్న మాట చెప్పాను.

"మీరు కాదంటే మిమ్మల్ని తీసేసి ఇంకొకన్ని పెడుతుండె సాబ్. వాడు గదే జెండా ఎత్తుతుండె. ఎట్లయినా గట్లనే అయితుండె."

ఆయన మేకులు కొట్టిన కిటికీ వైపు తిరిగాడు. వినలేదేమో అనుకున్నాను.

"నీకు సమజ్ కాలే విఠల్" అన్నాడు చివరికి. "వేరేటోడు ఎత్తితే సాయిలు పోకపోతుండె. వాడు జెండా చూసి పోలే. నన్ను చూసి పోయిండు."

ఆ వానాకాలం రాకముందే ఆయన పోయాడు. జనాజాలో పట్టుమని పదిమంది లేం.

ఆయన దగ్గర కాదనడం నేర్చుకున్నానని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. ఈ దారి వెంట ఫ్యాక్టరీలు లేచిన రోజుల్లో, వాటి మురుగు ఎటు వదలాలో తేల్చడానికి కొందరిని కూర్చోబెట్టారు, అందులో నేనూ ఒకణ్ని. కాలువ గీత సరిగ్గా ఆ చెరువులోకే గీసి ఉంది. కాదన్నాను. మర్యాదగానే మళ్లీ అడిగారు. మళ్లీ కాదన్నాను. ఆ తర్వాత నన్ను వేరే జిల్లాకు పంపి, నా కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టారు. కాలువ తవ్వారు. నేను తిరిగొచ్చేసరికి చెరువు ఇటుక రంగులో ఉంది, కట్ట పొడవునా చేపలు తెల్లగా తేలి ఉన్నాయి, తూము కింద మళ్లలో ఏమీ మొలవడం లేదు. సాబ్ ఒక్కసారి సరేనన్నాడు, ఒక మనిషి పోయాడు. నేను కాదన్నాను, చెరువే పోయింది. నా కాదు వల్ల ఒక్క చేప కూడా బతకలేదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చాలా రాత్రులు చూశాను. ఏ ఓదార్పూ దొరకలేదు.

ఆయన నుంచి నాకు మిగిలింది ధైర్యం కాదు. ఎవరైనా నా మాట మీద నమ్మకం పెట్టుకుని, మీరు సరేనంటే చాలని నా మొహంలోకి చూసినప్పుడు నా మెడ బిగుసుకుపోతుంది. చిన్న విషయమే అయినా, పెళ్లి సంబంధమైనా, బావి తవ్వకమైనా, తల ఊపలేను. ఒకటికి నాలుగుసార్లు అడుగుతాను, వెళ్లి చూస్తాను, అడిగినవాళ్లు విసుగెత్తి నన్ను వదిలేసి వెళ్లిపోయేదాకా ఆలోచిస్తాను. నా భార్య దాన్ని పెంకితనం అంటుంది. పిల్లలు ముసలితనం అంటారు. నేను ఎవరికీ విడమరచి చెప్పలేదు. నా మొహం చూసి ఎవరూ నీళ్లలోకి దిగకూడదు, అంతే.